వస్తువుల మీద ఆశ ఎక్కువైతేనే అప్పులపాలవుతామా? మా అన్నయ్య అన్న మాట నిద్రపట్టనివ్వడం లేదు

ప్రశ్న – ‘ఏడు గీతలు’

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. జీతాలు ఎప్పుడూ ఆగలేదు. ఇంట్లో తాగుడు లేదు, పేకాట లేదు. అయినా పోయిన ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద గీతలు గీసి రాసుకుంటే ఏడు తేలాయి. ఇద్దరం ఆరే అనుకున్నాం. నా రెండో కార్డు మీద బాకీ ఉందని ఆవిడకు తెలియదు. ఆవిడ ఆఫీసులో పర్సనల్ లోన్ తీసుకుందని నాకు తెలియదు. కాసేపు ఇద్దరికీ నోట మాట రాలేదు.

కారు లోన్, పర్సనల్ లోన్, రెండు క్రెడిట్ కార్డులు, సోఫా-మంచం కలిపి తీసుకున్న వాయిదా, నా ఫోన్ వాయిదా, చివరిది అన్నయ్య దగ్గర తీసుకున్న చేబదులు. అన్నీ కలిపితే ఇద్దరి జీతాల్లో సగానికి పైనే ప్రతి నెలా ఐదో తారీఖు లోపల వెళ్లిపోతోంది. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి మళ్లీ కార్డు తీయాల్సి వస్తోంది.

మర్నాడు అన్నయ్యకు ఆ కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “కంటికి కనిపించిందల్లా కావాలిరా నీకు. నీ అప్పుకి అదే వేరు” అన్నాడు. కోపంగా అనలేదు. బాధపడుతూ అన్నాడు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

నా సందేహం ఏమిటంటే, నిజంగా అంతేనా? మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడికి నాకంటే సరదాలు ఎక్కువ. కెమెరాలంటే ప్రాణం, కొత్త లెన్స్ వస్తే దాని గురించి వారం రోజులు మాట్లాడతాడు. అతనికి పైసా అప్పు లేదు. ఇటు చూస్తే అన్నయ్యకు ఏ వస్తువు మీదా మోజు లేదు. పదేళ్లుగా అదే గడియారం. అయినా నాన్న ఆపరేషన్‌కి తెచ్చిన అప్పు ఆయన మూడేళ్లు కట్టాడు. మరి ఆశకీ అప్పుకీ సంబంధం ఎంతవరకు?

ఇంకో విషయం కూడా చెప్పాలి. ఏ వస్తువు కొన్నప్పుడూ నాకు అది అత్యాశ అనిపించలేదు. పెద్ద టీవీ కొన్నాం, పాతది నిజంగానే పాడైంది. అది వచ్చాక కింద బల్ల చిన్నదైపోయింది, బల్ల మార్చాం. బల్ల కొత్తగా మెరుస్తుంటే పాత సోఫా చూడబుద్ధి కాలేదు. సోఫాతో పాటు మంచం తీసుకుంటే తగ్గింపు ఇస్తామన్నారు, మంచం కూడా తీసుకున్నాం. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక్క కారణం కూడా నిలబడటం లేదు.

తిట్టాలనుకున్నా పర్వాలేదు. కానీ ఆలోచించి చెప్పండి.

జవాబు – ‘పాత క్యాషియర్’

తమ్ముడూ, నేను అప్పులిచ్చే సంస్థల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి పదేళ్లు బాకీలు ఆలస్యమైనవాళ్లతో మాట్లాడటమే పని. నిన్ను తిట్టను. ముందు ఒకటి చెబుతాను: భార్యాభర్తలిద్దరూ ఒకే కాగితం మీద అప్పులు రాసుకోవడం చాలా కొద్ది ఇళ్లలోనే చూశాను. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చేవారు.

ఇక నీ ప్రశ్న. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లని “ఎందుకు కట్టలేకపోతున్నారు?” అని అడిగితే టీవీ కొన్నాననో కారు కొన్నాననో చెప్పిన మనిషి దాదాపు లేడు. ఉద్యోగం పోయిందనేవారు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదనేవారు, వ్యాపారం దెబ్బతిందనేవారు. అబద్ధాలు కాదవి. నేను కాగితాలు చూసేవాణ్ని కదా, నిజమే. కానీ ఆ కాగితాల్లోనే రెండేళ్లు వెనక్కి వెళితే ఇంకొకటి కనిపించేది. ఆ కష్టం వచ్చిన రోజుకి ఇంట్లో ఉండాల్సిన నాలుగు డబ్బులు అప్పటికే వాయిదాల కింద వెళ్లిపోతున్నాయి. అదే జబ్బు, అదే ఖర్చు, చేతిలో ఆరు నెలల జీతం దాచుకున్నవాడికి కష్టంగా గడిచి పోయేది. వాయిదాల్లో మునిగి ఉన్నవాడికి అప్పుగా మారేది. కాబట్టి మీ అన్నయ్య చేసిన అప్పు, నువ్వు చేసిన అప్పు ఒకటి కావు. కానీ మీ నాన్నగారి ఆపరేషన్ లాంటిది ఇవాళ నీ ఇంట్లో వస్తే ఏమవుతుందో ఆలోచించు. భయపెట్టడానికి అనడం లేదు.

ఆశ అందరికీ ఉంటుంది. ఆశ అప్పుగా ఎక్కడ మారుతుందో నేను రోజూ చూశాను. మనిషి “ఇది ఎంత?” అని అడగడం మానేసి “నెలకెంత?” అని అడిగే చోట. “ఎంత?” అన్నప్పుడు మనసు మొత్తం సొమ్మును చూస్తుంది, వెనక్కి తగ్గుతుంది. “నెలకెంత?” అన్నప్పుడు చిన్న అంకె ఒకటి కనిపిస్తుంది, దానికి ఎవరైనా సరే అంటారు. అలాంటి చిన్న అంకెలు ఏడు కలిసి నీ జీతంలో సగం అయ్యాయి.

కార్డుల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నీ ఏడింటిలో మొదట ఆర్పాల్సిన నిప్పు అదే. మినిమం డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతున్నావా? లెక్క చూడు. కార్డు మీద 100 బాకీ ఉందనుకో. నెలకు 3 శాతం వడ్డీ, వడ్డీ కలిపిన మొత్తంలో 5 శాతం మినిమం. కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా తప్పకుండా మినిమం కడితే నీ జేబులోంచి 55 వెళ్తుంది. బాకీ ఎంత తగ్గిందో తెలుసా? 23. మిగతా 32 వడ్డీకే పోయింది. ఇంకా 77 అలాగే ఉంది. సగానికి రావడానికే దాదాపు 32 నెలలు. నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా రెండోసారి వేయమనేవారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. చాలా కార్డుల్లో పాత బాకీ మిగిలి ఉంటే, కొత్తగా కొన్నదానికి వడ్డీ లేకుండా కట్టే గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇరవయ్యో తారీఖున నువ్వు తీస్తున్నది అలాంటి కార్డే.

సోఫా వాయిదా కాగితం తీసి ‘ఫ్లాట్’ అని రాసి ఉందేమో కూడా చూడు. ఏడాది వాయిదాలకు 12 శాతం ఫ్లాట్ అంటే నిజంగా పడే వడ్డీ 12 కాదు, 21 శాతం దాటుతుంది. నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వడ్డీ వేస్తారు కాబట్టి.

జవాబు – ‘మూడో బెంచీ’

నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను. మీ టీవీ, బల్ల, సోఫా, మంచం వరస చదవగానే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత దెనీ దిదెరోకి ఎవరో ఒక ఎర్రటి ఖరీదైన గౌను కానుకగా ఇచ్చారు. ఇంట్లో వేసుకునే పొడవాటి అంగీ లాంటిది. అది వేసుకుని తన గదిలో కూర్చుంటే చుట్టూ ఉన్నవన్నీ వెలవెలబోతున్నట్టు అనిపించింది ఆయనకు. గడ్డి కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది. పాత బల్ల పోయి కొత్తది వచ్చింది. గోడల మీద బొమ్మలు మారాయి. చివరికి, నా పాత గౌనుకి నేను యజమానిని, ఈ కొత్తదానికి బానిసనయ్యాను అని వాపోతూ ఒక వ్యాసం రాశాడు. 1769 నాటి మాట. 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే పరిశోధకుడు ఈ గొలుసుకట్టు కొనుగోళ్లకు ‘దిదెరో ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు.

ఇందులో నన్ను ఆలోచింపజేసేది ఏమిటంటే, ఆ గౌను ఆయన కొనలేదు. ఆశపడనూ లేదు. ఉచితంగా వచ్చింది. గొలుసు మొదలవడానికి అత్యాశ అక్కర్లేదు, ఒక్క కొత్త వస్తువు గుమ్మంలోకి వస్తే చాలు. మిగతావి అదే లాక్కొస్తుంది. పాతది పాడైతే మీ ఇంటికి వచ్చిన పెద్ద టీవీ అలాంటిదే. మీ అన్నయ్యగారు మీ స్వభావాన్ని తప్పుపట్టారు. నేనైతే ఆ గొలుసును చూడమంటాను. స్వభావం మార్చుకోవడం కష్టం. బల్ల దగ్గర ఆగడం అంత కష్టం కాదు.

(ఇదే దిదెరో అంతకు నాలుగేళ్ల ముందు, కూతురి పెళ్లి ఖర్చుకి డబ్బు కావాలని తన పుస్తకాలన్నీ అమ్మకానికి పెట్టాడు. రష్యా మహారాణి కేథరీన్ కొని, వాటిని ఆయన దగ్గరే ఉంచుకోమంది. అవసరం కోసం పుస్తకాలు అమ్ముకున్న మనిషే గౌను దగ్గర జారాడు. అందుకే మనిషిని మంచివాడు, ఆశపోతు అని రెండు ముక్కలుగా చూడటం నాకు నచ్చదు.)

జవాబు – ‘ఇంటి లెక్క’

అన్నా, నేను అయిదేళ్ల క్రితం మీరున్న చోటే ఉన్నాను, కాబట్టి కొంచెం సూటిగా అడుగుతాను. ఆ సోఫా మీకు కావాలనిపించిందా, లేక ఎవరైనా వస్తే ఏమనుకుంటారో అనిపించిందా?

నా విషయంలో రెండోదే. నా చెల్లెలి ఇల్లు చూసి వచ్చిన ప్రతిసారీ నా ఇంట్లో ఏదో ఒకటి మారేది. చెల్లెలు ఒక్క మాట కూడా అనలేదు పాపం. నాకే లోపల చిన్నతనంగా ఉండేది. దాన్ని ఆశ అంటారా? నేనైతే సిగ్గు అంటాను. ఆశ అయితే వస్తువు వచ్చాక తీరాలి. సిగ్గు తీరదు, ఎందుకంటే చెల్లెలి ఇల్లు కూడా మారుతూనే ఉంటుంది. 1899లోనే థోర్‌స్టైన్ వెబ్లెన్ అనే ఆర్థికవేత్త ఈ గొప్ప కోసం ఖర్చు పెట్టడం గురించి రాశాడని మా అబ్బాయి చదివి చెప్పాడు. 1949లో జేమ్స్ డ్యూసెన్‌బెరీ అనే ఇంకో ఆర్థికవేత్త, మనిషి ఖర్చు తన సంపాదన ఎంతన్నదాన్ని బట్టే కాదు, చుట్టూ ఉన్నవాళ్లతో పోలికను బట్టి కూడా ఉంటుందన్నాడట. నాకు ఆ మాట వినగానే ఏడుపొచ్చింది. ఇది నా ఒక్కదాని రోగం కాదన్నమాట అనిపించింది.

నేను బయటపడింది మాత్రం ఆశ చంపుకుని కాదు. ఒకరోజు చెల్లెలికి నా అప్పుల సంగతి మొత్తం చెప్పేశాను. అది విని, “అక్కా, మా ఇంట్లో సగం సామాను కూడా వాయిదాల మీదే ఉంది” అంది. ఇద్దరం ఒకరిని చూసి ఒకరం కొంటున్నాం! ఆ రోజు తర్వాత దాని ఇంటికి వెళ్లినప్పుడు నా కళ్లు సామాను మీదకు పోలేదు.

జవాబు – ‘రెండు పూటల డ్యూటీ’

అందరూ బాగానే చెప్పారు. కానీ ఒక మాట నేను గట్టిగా చెప్పాలి. “ఆశ వల్లే అప్పు” అనే మాట అందరికీ అంటించకండి. నేను రెండు చోట్ల పని చేస్తాను. నాకు సోఫా లేదు, కారు లేదు. నా అప్పు అద్దెది, అమ్మ మందులది. నా ఓనర్ కూడా నన్ను చూసి, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది కదా, దానికి డబ్బులెక్కడివి అన్నాడు. ఆ ఫోన్‌లోనే నాకు పని కబురు వస్తుంది. అది లేకపోతే రెండో పూట పనే లేదు.

కావాలనుకోవడం వేరు, అది లేకపోతే జరగకపోవడం వేరు. ప్రశ్న అడిగిన అన్న తన కాగితం మీద ప్రతి గీత పక్కన అది ఏ రకమో రాసుకోవాలి. మా లాంటి వాళ్లకి రాయడానికి ఒక్క రకమే ఉంది. మాకు సలహా అక్కర్లేదు, కూలి పెరగాలి.

జవాబు – ‘పాత క్యాషియర్’

రెండు పూటల డ్యూటీ బాబు చెప్పింది అక్షరాలా నిజం. నా సర్వీసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రెండో రకమే. కోయడానికి ఖర్చే లేని ఇంటికి పొదుపు గురించి చెప్పమని మాకు కాగితం ఇచ్చేవారు. నేను చదివేవాణ్ని కాదు. వాయిదా గడువు పెంచమని పైవాళ్లకు రాసేవాణ్ని. కొన్నిసార్లు ఒప్పుకునేవారు.

ఏడు గీతల తమ్ముడూ, నువ్వు కార్డుల గురించి ఇంకా జవాబు చెప్పలేదు.

ప్రశ్న అడిగినవారు – ‘ఏడు గీతలు’

క్షమించండి, రెండు రోజులు ఆలస్యమైంది. ఈ జవాబులన్నీ మా ఆవిడా నేనూ కలిసి చదివాం.

క్యాషియర్ గారూ, అవును, 14 నెలలుగా మినిమమే కడుతున్నాను. ప్రతి నెలా కడుతున్నాను కదా, తగ్గుతూ ఉంటుందిలే అనుకున్నాను. మీ లెక్క నా స్టేట్‌మెంట్లతో పోల్చి చూశాను. మధ్యలో మళ్లీ మళ్లీ కొన్నాను కాబట్టి మొదటి నెల కంటే ఇప్పుడు బాకీ ఎక్కువే ఉంది. అది చూశాక ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, కానీ ఇన్నాళ్లూ ఎందుకు ఊపిరాడటం లేదో అర్థమైంది.

రెండు పూటల డ్యూటీ తమ్ముడు చెప్పినట్టు ప్రతి గీత పక్కన రాశాం. లేకపోతే జరగనిది అని నిజాయితీగా రాయగలిగింది ఒక్క పర్సనల్ లోన్ పక్కనే. అది ఆవిడ వాళ్ల అమ్మగారి కంటి ఆపరేషన్‌కి తీసుకుంది. నాకు చెబితే అప్పటికే ఉన్న వాయిదాల మధ్య నేను నలిగిపోతానని చెప్పలేదట. నేను కొన్న వస్తువుల వల్ల ఆవిడ తన తల్లి కష్టాన్ని నా దగ్గర దాచుకోవాల్సి వచ్చింది. అన్నయ్య మాటలో నిజం నాకు ఇక్కడ తగిలింది. కారు పక్కన ఏం రాయాలో ఇంకా తేలలేదు. ఆవిడ ఆఫీసు దూరం, బస్సులో కూడా వెళ్లొచ్చు.

ఇంటి లెక్క అక్కా, సోఫా సంగతి మీరన్నదే. మా బావమరిది కుటుంబం వస్తున్నారన్న వారమే కొన్నాం.

నా పక్క సీటు మిత్రుణ్ని నేరుగా అడిగాను, ఇన్ని లెన్సులు అప్పు లేకుండా ఎలా కొంటావని. అతను ఫోన్ తీసి ఒక ఖాతా చూపించాడు. ఒక వస్తువు మీద మనసు పడగానే దాని పేరు మీద నెలనెలా కొంత అందులో వేస్తాడట. పోయిన లెన్స్‌కి 13 నెలలు పట్టింది. అంతకు ముందు ఇంకొకటి అనుకున్నాడు, ఐదో నెలకి దాని మీద మనసు పోయింది, ఆ డబ్బు అలాగే ఉంది. అంటే అతనూ నాలాగే వాయిదా కడుతున్నాడు. కాకపోతే వస్తువు ఇంటికి రాకముందు కడుతున్నాడు. నాకున్న ఆశే అతనికీ ఉంది. అతని ఆశకి 13 నెలలు ఆగే చోటుంది. నా ఆశకి దుకాణం గుమ్మం నుంచి కౌంటర్ దాకా ఉన్న దూరమే ఉండేది. ఐదో నెలలో మనసు మారే అవకాశమే నాకు రాలేదు. నేను కొన్నవాటిలో ఎన్ని ఆ ఐదో నెల దాటేవో అని ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకున్నాను. టీవీ దాటేది. ఫోన్ దాటేది కాదు. బల్ల అసలు రెండో నెల కూడా దాటేది కాదు.

జవాబు – ‘మూడో బెంచీ’

మీ మిత్రుడు చేస్తున్నది చాలా పెద్ద విషయమండి. కార్డు చేతిలో ఉంటే మనిషి ఎంత ఇవ్వడానికి సిద్ధపడతాడో చూడటానికి డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక ప్రయోగం చేసి 2001లో ప్రచురించారు. ఆట టికెట్ల వేలం పెట్టి, సగం మందిని నగదు కట్టాలన్నారు, సగం మందిని కార్డుతో కట్టమన్నారు. అవే టికెట్లకు కార్డు వాళ్లు పాడిన పాట నగదు వాళ్ల పాటకు దాదాపు రెట్టింపు. వాళ్ల ఆశ రెట్టింపు అయిందని నేననుకోను. ఇచ్చేటప్పుడు కలిగే నొప్పి తెలియలేదు, అంతే.

ప్రశ్న అడిగినవారు – ‘ఏడు గీతలు’

ఇది నా ఆఖరి పోస్టు. ఏం చేశామో చెప్పి ముగిస్తాను.

రెండు కార్డులూ ఫోన్‌లోని అన్ని యాప్‌ల నుంచి తీసేశాం. కార్డులు ఆవిడ బీరువాలో ఉన్నాయి. క్యాషియర్ గారు చెప్పినట్టు మొదట కార్డులే. మిగిలిందంతా వడ్డీ ఎక్కువున్న కార్డుకి. రెండోదానికి మినిమం, మిగతావాటికి వాటి వాయిదా. బల్ల, పాత ట్యాబ్, నేను రెండుసార్లు మాత్రమే ఎక్కిన వ్యాయామ సైకిలు అమ్మకానికి పెట్టాం. సైకిలు పోయింది, కొన్న ధరలో మూడో వంతు వచ్చింది. అది కార్డుకే కట్టేశాం. బల్ల ఇంకా పోలేదు. పాప వచ్చి, “నాన్నా, టీవీ ఎక్కడ పెడతాం?” అని అడిగింది. గోడకి పెడదాం అన్నాను.

కారు సంగతి వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం అనుకున్నాం. ప్రతి ఆదివారం రాత్రి ఆ కాగితం తీయాలన్నది ఆవిడ పెట్టిన షరతు.

నిన్న అన్నయ్యకు ఫోన్ చేశాను. నీ చేబదులు ఇప్పుడే ఇవ్వలేను, కార్డులు తీరడానికి 11 నెలలు పడుతుంది, పన్నెండో నెల నుంచి నీకు మొదలుపెడతాను అని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “తేదీ చెప్పావు, చాలురా” అన్నాడు. ఏడో గీత పక్కన ఆ తేదీ రాసిపెట్టాను.